హార్డ్ డిస్కు పోయిన రాత్రి – మన కాగితాలు, మన అమానత్
(కర్నూలులో మస్జిద్ కమిటీల, సహాయ కేంద్రాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా రిజర్వేషన్ల గురించో, ఉపకార వేతనాల గురించో, వక్ఫ్ భూముల అన్యాక్రాంతం గురించో మాట్లాడుకుంటాము. ఈ రోజు మేము ఎంచుకున్న విషయం చూచి కొందరు పెద్దలు నవ్వారు. చెడిపోయిన ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కును మార్చడం, దానిలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్ళీ ఎక్కించడం అనేది కంప్యూటర్ దుకాణంలో చెప్పుకోవలసిన సంగతి కదా అన్నారు. మొన్నటి అక్టోబరు వరకు మేమూ అలాగే అనుకున్నాము.

మా సహాయ కేంద్రం అంటే పాతబస్తీలో మస్జిద్‌కు ఆనుకొని ఉన్న ఒక్క గది. అందులో రెండు బల్లలు, ఒక స్కానర్, ఒక దాత ఇచ్చిన 2016 నాటి ల్యాప్‌టాప్. ఆ ల్యాప్‌టాప్‌లో ఆరేళ్ళ పని ఉన్నది. పదకొండు మస్జిదుల, నాలుగు ఖబరస్తాన్ల కాగితాలు: ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకళ్ళు, గెజిట్ పేజీలు, అడంగల్ ప్రతులు, పాత ముతవల్లీల ఉర్దూ దస్తావేజులు. పిల్లల ఉపకార వేతనాల దరఖాస్తులు. పోలీసు స్టేషన్లలో ఇచ్చిన ఫిర్యాదుల నకళ్ళు. భర్త ఇంటి నుండి గెంటివేయబడిన ఆడపడుచులు మా ఎదుట కూర్చొని చెప్పి, వ్రాయించిన అర్జీలు. ఇవి కాక ఒక వీడియో. దాని సంగతి తరువాత చెబుతాము.

అప్పటి పరిస్థితి మీకు తెలిసినదే. వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. జూన్ 6న ఉమ్మీద్ పోర్టల్ తెరిచారు. ఉన్న వక్ఫ్ ఆస్తులన్నింటి వివరాలను ఆరు నెలలలో అందులోకి ఎక్కించమన్నారు. ఆ చట్టం మీద మనకున్న అభ్యంతరాలను న్యాయస్థానంలోనూ, వీధిలోనూ చెప్పుకుంటున్నాము, చెప్పుకుంటూనే ఉంటాము. కాని అభ్యంతరం ఉన్నదని గడువు ఆగదు. కనుక ఇషా నమాజు తరువాత కూర్చొని రాత్రి పన్నెండు వరకు కాగితాలు ఎక్కిస్తూ ఉన్నాము. అక్టోబరు చివరి వారంలో ఒక రాత్రి తెర నల్లబడింది. బూట్ చేయడానికి డిస్కు ఏదీ లేదని ఇంగ్లీషులో ఒక్క వాక్యం వచ్చింది. అంతే.

అది హఠాత్తుగా జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. రెండు నెలలుగా ఆ యంత్రం మాకు చెబుతూనే ఉన్నది. తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టేది. ఒక ఫైలు నొక్కితే మొత్తం బిగుసుకొని పోయేది. చెవి దగ్గర పెడితే లోపల టిక్కు టిక్కుమని శబ్దం వచ్చేది. పాతది కదా, ముసలిది కదా అని సర్దిచెప్పుకున్నాము. హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతూ ఉంటాయి. వాటిని చదివే తల పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువ ఎత్తున తేలుతూ ఉంటుంది. ఆ తల దారి తప్పి మళ్ళీ మళ్ళీ మొదటి చోటికి వచ్చి వెతుక్కునేటప్పుడు వచ్చే శబ్దమే ఆ టిక్కు టిక్కు. ఆ శబ్దం విన్న రోజే యంత్రాన్ని ఆపి, ఉన్నదానిని మరొక చోటికి నకలు తీసుకొని ఉంటే ఈ ప్రసంగం అవసరమయ్యేది కాదు. తమ ఆరోగ్యం గురించి డిస్కులు వ్రాసుకునే లెక్క ఒకటి ఉంటుంది, దానిని స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ దానిని పసుపు, ఎరుపు రంగులలో చూపిస్తుంది. చదువు రాని వారికి కూడా ఎరుపు అర్థమవుతుంది.

పోయిన తరువాత మేము చేసినవన్నీ తప్పులే. ఒకటికి పదిసార్లు ఆపి వెలిగించాము. ఒక సోదరుడు వెనుక నుండి చరిచాడు కూడా. మరునాడు ఉదయం దగ్గరలోని ఒక దుకాణానికి తీసుకొని వెళ్ళాము. ఆయన మంచివాడే, కాని మేము ఏమి పోగొట్టుకున్నామో అడగలేదు, మేమూ చెప్పలేదు. డిస్కును మరమ్మతు చేసే ప్రోగ్రామ్ ఒకటి నడిపించారు. చావు బతుకుల మధ్య ఉన్న డిస్కు మీద అటువంటి ప్రోగ్రామ్ నడిపితే అది సరిచేసే పేరుతో దాని మీద వ్రాయడం మొదలుపెడుతుంది, చదవడానికి మిగిలిన కొద్దిపాటి శక్తిని కూడా ఖర్చు చేస్తుంది. సాయంత్రానికి ఫార్మాట్ చేసి ఇస్తామన్నారు. ఫార్మాట్ అన్న మాట విని మేము యంత్రాన్ని చంకన పెట్టుకొని బయటికి వచ్చేశాము. అల్లాహ్ దయవల్ల ఆ ఒక్క పని సరిగా చేశాము.

దారిలో ఆలోచించిన కొద్దీ ఇంకొక భయం పట్టుకున్నది. ఆ డిస్కులో ఎంతమంది ఆధార్ కార్డులు, బ్యాంకు పాసు పుస్తకాలు ఉన్నాయి! ఎవరి చెల్లెలు ఎవరి మీద ఏమి వ్రాయించిందో అంతా ఉన్నది. దానిని ముక్కు ముఖం తెలియని బల్ల మీద ఒక పగలంతా వదిలి వచ్చాము. డిస్కు మనకు తెరుచుకోనంత మాత్రాన ఇతరులకు తెరుచుకోదని కాదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసిందని మనకు తెలుసు. అయితే మన దగ్గర కూర్చొని ఏడ్చిన ఆడపడుచుకు ఆ చట్టం పేరు తెలియదు, ఆమె మనలను నమ్మింది. అమానత్ అని మనం ప్రతి జుమా ప్రసంగంలో వింటున్న మాటకు అర్థం ఆ రోజు రిక్షాలో మాకు మళ్ళీ తెలిసింది.

మా కేంద్రానికి వచ్చే పిల్లలలో పాలిటెక్నిక్ చదివే ఒక అమ్మాయి ఉన్నది. విషయం విని, డిస్కును ఇక ఎవ్వరూ వెలిగించవద్దని గట్టిగా చెప్పింది. తానే విప్పుతానన్నది. గడియారాలు బాగుచేసి జీవితం గడిపిన మా కమిటీ పెద్దాయన సందేహించారు. "బేటీ, ఇది చేయి తిరిగిన మెకానిక్ పనమ్మా" అన్నారు. "చాచా, మీ గడియారం కంటే తేలిక. మీరు మరలు పట్టుకోండి, చాలు" అన్నది.

ఆ పని నిజంగానే తేలిక. చార్జర్ తీసివేసి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి ఉంచాలి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. చేతిలోని స్థిర విద్యుత్తు పోవడానికి ముందుగా ఏదైనా ఇనుప వస్తువును తాకాలి. అడుగున ఉన్న మరలన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే పెట్టమని చాచాకు చెప్పింది. మూత తీస్తే డిస్కు ఒక చిన్న ఇనుప చట్రంలో నాలుగు మరలతో బిగించి ఉన్నది. ప్రక్కకు జరిపి లాగితే వచ్చేసింది. అరచేతిలో ఇమిడే రెండున్నర అంగుళాల పెట్టె. ఆరేళ్ళ పని దానిలో. కొత్తగా కొన్నది ఎస్‌ఎస్‌డి. దానిలో తిరిగే పళ్ళేలు లేవు, శబ్దం లేదు, పాత డిస్కు కంటే ఎన్నో రెట్లు వేగం. 256 జీబీదానికి మేము ఇచ్చింది 2,200 రూపాయలు. పాత చట్రంలోనే దానిని బిగించి, మళ్ళీ జరిపి, మూత వేసింది. అస్ర్ నుండి మగ్రిబ్ లోపల అయిపోయింది. అయితే అన్ని ల్యాప్‌టాప్‌లూ ఇలా ఉండవు. కొత్తవాటిలో డిస్కు సన్నని పట్టీలా ఉంటుంది, కొన్నింటిలో మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. కొనేముందు మూత తీసి చూడటమో, మోడల్ సంఖ్య పట్టి కనుక్కోవడమో చేయాలి.

ఇక్కడ ఒక మాట. ఎస్‌ఎస్‌డి వేశాము కనుక ఇక భయం లేదని ఎవరూ అనుకోవద్దు. హార్డ్ డిస్కు మూలిగి మూలిగి పోతుంది. ఎస్‌ఎస్‌డి చాలాసార్లు చెప్పకుండా పోతుంది. పోయినదాని నుండి ఏమైనా రాబట్టడం ఇంకా కష్టం.

తరువాత పాత డిస్కు సంగతి. హైదరాబాదులో డిస్కును విప్పి బాగుచేసే ప్రయోగశాలను ఫోనులో అడిగితే 18,000 రూపాయలవుతుందన్నారు, ఖాయమని చెప్పలేమన్నారు. అంత డబ్బు మా దగ్గర లేదు. మా అమ్మాయి మరొక దారి చూపింది. ఒక కేబుల్‌తో పాత డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపించింది. దాని పద్ధతి బాగుంటుంది. సులువుగా చదవగలిగిన భాగాలను ముందు నకలు తీసుకుంటుంది, మొండికేసిన చోట్లను దాటిపోయి చివరిలో మళ్ళీ వాటి దగ్గరికి వస్తుంది. పాత డిస్కు మీద ఒక్క అక్షరం వ్రాయదు. రెండు రాత్రులు, ఒక పగలు నడిచింది. కరెంటు పోకూడదని మేము వంతులవారీగా కూర్చొని దువా చేశాము. ఫైళ్ళలో సుమారు నాలుగింట మూడు వంతులు వచ్చాయి. తల పూర్తిగా విరిగిన డిస్కుకు ఈ ఉపాయం పనిచేయదు. అటువంటి దానిని వెలిగించిన కొద్దీ పళ్ళేలు గీసుకొని పోతాయి. అందరూ ఇంట్లో ఇలా ప్రయత్నించండని మేము చెప్పడం లేదు.

డిస్కు దొరికినా తాళం దొరకని సందర్భం కూడా ఉన్నది. ఈ మధ్య వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు డిస్కును తమంతట తామే గుప్తలిపిలోకి మార్చుకుంటున్నాయి. దానిని తెరవడానికి 48 అంకెల తాళం కావాలి. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. మీ మస్జిద్ కమిటీ ల్యాప్‌టాప్ ఖాతాను పాత కార్యదర్శి తన సొంత ఈమెయిల్‌తో తెరిచి, ఇప్పుడు దుబాయిలో ఉంటే ఆ తాళం దుబాయిలో ఉన్నట్లే. ఇంటికి వెళ్ళగానే కనుక్కొని కాగితం మీద వ్రాసి పెట్టుకోండి.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్. మా యంత్రంలో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా సవరణలు ఇవ్వడం 2025 అక్టోబరు 14న ఆపివేసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడకందారులకు మాత్రం మరొక ఏడాది పొడిగించారు. విండోస్ 11 మా పాత ప్రాసెసర్‌ను అంగీకరించదు. ఇంటెల్ ఎనిమిదో తరం నుండి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉన్నవే కావాలంటుంది. మీ యంత్రం దానికి సరిపోతే విండోస్ మళ్ళీ కొనవలసిన పని లేదు. యంత్రంతోపాటు వచ్చిన విండోస్ హక్కు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్కుతో కాదు. మైక్రోసాఫ్ట్ వారి నుండే ఉచితంగా ప్రతి దించుకొని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, తాళం సంఖ్య అడిగినచోట లేదని దాటితే, ఇంటర్నెట్ తగిలాక దానంతట అదే గుర్తుపడుతుంది. కొత్త డిస్కు వేశాము కనుక విండోస్‌కు వేరే డబ్బు ఇవ్వండని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

మూడు వందలకు పైరసీ విండోస్ వేసి ఇస్తామన్నవారూ వచ్చారు. అది చోరీ సొత్తని పెద్దలు ఒక్క మాటతో కాదన్నారు. అమ్మాయి చెప్పిన కారణం వేరు. ఆ తాళం పగలగొట్టే ప్రోగ్రామ్ ముందుగా యాంటీవైరస్‌ను ఆపమంటుంది. దానితోపాటు ఇంకెవరు లోపలికి వస్తారో తెలియదు. హక్కుల కోసం పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు. భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి బయటివారు దొంగ ప్రోగ్రామ్ ద్వారా చొరబడి ఫైళ్ళు పెట్టారని, అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ 2021లో నివేదిక ఇచ్చింది. అందులోని నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. కాని మన డిస్కులో ఏమున్నదో మనకు తెలిసి ఉండాలన్న సంగతి తేలడానికి తీర్పు వచ్చే వరకు ఆగనక్కరలేదు.

అందుచేత లినక్స్ మింట్ వేశాము. దానికి రుసుము లేదు, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రంలో కూడా చక్కగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టి, ఎఫ్12 నొక్కి (మీ యంత్రంలో ఎఫ్9, ఎఫ్2 కావచ్చు) వెలిగిస్తే, ఎక్కించకముందే వాడి చూడవచ్చు. వైఫై, స్కానర్, ప్రింటర్ అన్నీ పనిచేస్తున్నాయని చూచుకున్న తరువాతనే ఎక్కించాము. అరగంట పట్టింది. ఎక్కించేటప్పుడు డిస్కును గుప్తలిపిలో ఉంచాలా అని అడిగినచోట అవునన్నాము. ఆ రహస్య వాక్యం కమిటీలో ఇద్దరికి నోటికి వచ్చు. వ్రాసి సీలు వేసిన కవరు మూడో వారి బీరువాలో ఉన్నది.

తెలుగు, ఉర్దూ రెండింటి కీబోర్డులూ సెట్టింగులలో చేర్చుకుంటే చాలు. నస్తాలిఖ్ ఫాంటు వేసుకుంటే ఉర్దూ చూడముచ్చటగా వస్తుంది. కష్టం పాత ఫైళ్ళతో వచ్చింది. మన తెలుగు కరపత్రాలన్నీ అను ఫాంట్లలో, ఉర్దూ దరఖాస్తులు ఇన్‌పేజ్‌లో ఉన్నాయి. పాత అను ఫాంట్లలో టైపు చేసినది చూడటానికి తెలుగే, కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ప్రాణాలకు తెగించి డిస్కు నుండి తెచ్చుకున్న ఫైలును తీరా తెరిస్తే అక్షరం తెలియకపోవడం ఎంత బాధో చెప్పలేము. ఒక మిత్రుడి విండోస్ కంప్యూటర్ దగ్గర వారం రోజులు కూర్చొని ఒక్కొక్కటీ పీడీఎఫ్‌గా మార్చాము. ఇకపై మా కేంద్రంలో యూనికోడ్‌లో తప్ప టైపు చేయము. డీటీపీ చేసే సోదరులకు ఇది కొంచెం కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా వారిని కూడా ఇదే కోరుతున్నాము.

ఇప్పుడు ఆ వీడియో. మా వాడలోని ఖబరస్తాన్ పాత ముతవల్లి సాహెబ్ 2024లో తన జ్ఞాపకం నుండి హద్దులన్నీ చెప్పారు. ఏ మూల ఏ చెట్టు ఉండేదో, బావి ఎవరు తవ్వించారో, ప్రహరీ ఎప్పుడు జరిగిందో నలభై నిమిషాలు చెప్పారు. మేము ఫోనులో తీసి, ల్యాప్‌టాప్‌లోకి మార్చి, ఫోనులో జాగా లేదని అక్కడ చెరిపివేశాము. గత రమజాన్‌లో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరారు. డీడీరెస్క్యూ తెచ్చిన ఫైలులో ఇరవై ఆరు నిమిషాలు వినబడుతున్నాయి. బావి గురించి ఉన్నది, చెట్ల గురించి ఉన్నది. తూర్పు హద్దు దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం గళ్ళు గళ్ళుగా విడిపోయి, గొంతు తెగిపోతుంది. వివాదం ఉన్నది ఆ తూర్పు హద్దు మీదనే.

గడువు పొడిగించమన్న విజ్ఞప్తిని సుప్రీంకోర్టు డిసెంబరు 1న అంగీకరించలేదు, ట్రిబ్యునల్‌ను ఆశ్రయించమన్నది. ట్రిబ్యునల్ ముందు మన ఆవేదనకన్నా మన కాగితాలకు విలువ. వీడియో, ఫోటో వంటివి ఇచ్చేటప్పుడు కొత్త భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ కూడా వ్రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలులో ఒక్క బిందువు మారినా ముద్ర మారిపోతుంది. లినక్స్‌లో ఒక్క ఆదేశంతో ఆ సంఖ్య వస్తుంది. ఇప్పుడు మేము ప్రతి సాక్ష్యం తీసిన రోజే ఆ సంఖ్యను రిజిస్టరులో వ్రాసి, ఇద్దరితో సంతకం చేయిస్తున్నాము. రేపు డిస్కు మారినా, యంత్రం మారినా, ఇది ఆ నాటి ఫైలేనని చూపడానికి.

నకళ్ళ విషయంలో మా ఏర్పాటు ఇది. ల్యాప్‌టాప్‌లో ఒకటి. బయటి డిస్కులో ఒకటి, ప్రతి గురువారం నకలు తీసి వెంటనే కేబుల్ ఊడదీస్తాము. మరొక బయటి డిస్కు వేరే వాడలో ఒక పెద్ద మనిషి ఇంట్లో ఉంటుంది, నెలకొకసారి మారుతుంది. తుంగభద్ర 2009లో మన ఊరికి ఏమి చేసిందో చూచినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు, రెండు నకళ్ళూ ఒకే గదిలో ఎందుకు ఉండకూడదో వారికి వేరే చెప్పనక్కరలేదు. వాట్సాప్‌లో ఉన్నది కదా అని కొందరంటారు. ఫోటోగా పంపితే వాట్సాప్ దానిని కుదించివేస్తుంది, పాత గెజిట్‌లోని సర్వే నంబరు చదవడానికి రాదు. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి.

పాత డిస్కును ఎక్స్చేంజిలో ఇవ్వమని రెండు వందలు ఇవ్వజూపారు. ఇవ్వలేదు. ఏదో ఒక నాడు 18,000 సమకూరుతుందన్న ఆశతో గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాము. ఆశ వదులుకున్న రోజున పళ్ళేలకు రంధ్రాలు వేసి పారవేస్తాము తప్ప అమ్మము.

ఇక మిగిలిన పని. పోయిన ఫైళ్ళ జాబితా తయారు చేశాము. అరవై మూడు కుటుంబాలవి, రెండు మస్జిదులవి మళ్ళీ స్కాన్ చేయాలి. జాబితా ద్వారం దగ్గర అంటించాము. పేరున్నవారు వచ్చే ఆదివారం జుహ్ర్ తరువాత అసలు కాగితాలు తీసుకొని రావాలి, స్కాన్ చేసి అప్పటికప్పుడే తిరిగి ఇస్తాము. పేర్లు వ్రాయించిన ఆడపడుచులు జనంలోకి రానక్కరలేదు, మా సోదరీమణులే ఇంటికి వస్తారు. ఖబరస్తాన్ తూర్పు హద్దు ఎరిగిన వృద్ధులు ఇద్దరున్నారని తెలిసింది, ఒకరికి ఎనభై దాటాయి. శుక్రవారం అస్ర్ తరువాత వారి దగ్గరికి వెళుతున్నాము. మూడో వారు ఎవరైనా మీ ఎరుకలో ఉంటే ఈ సభ ముగియగానే మాకు చెప్పండి. వచ్చే కుర్రవాళ్ళు ఫోన్లు చార్జింగ్ పెట్టుకొని, జాగా ఖాళీ చేసుకొని రావాలి.